డోనర్ ఎగ్‌కు ఇంట్లో అందరూ సరే అన్నారు, నేను తప్ప

బత్తాయి_తోట
నల్లగొండ దగ్గర ఊరు మాది. పెళ్లయి పదేళ్లు దాటింది. హైదరాబాద్‌లో ఐవీఎఫ్, అదే టెస్ట్ ట్యూబ్ బేబీ వైద్యం, చేయించుకున్నాం, నిలవలేదు. మళ్లీ చేయించుకుంటే రెండో నెలలో పోయింది. ఆ తర్వాత కూడా ఆపలేదు. ఇప్పుడు డాక్టరు "ఏఎంహెచ్, అంటే అండాల నిల్వ చూపే హార్మోను, బాగా తగ్గిపోయింది, నీ అండాలతో లాభం లేదు, డోనర్ ఎగ్‌కు, అంటే వేరే ఆమె అండానికి, వెళ్దాం" అన్నారు. మా ఆయన అక్కడే తల ఊపారు. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ కూడా ఒప్పుకుంది. "ఎవరికీ తెల్వనియ్యకు, నీ కడుపుల పెరిగితే నీ బిడ్డనే" అంది. అంతవరకు బాగానే ఉంది. మర్నాడు ఆమే క్లినిక్‌కు ఫోన్ చేసి, డోనర్ ఏ కులం పిల్ల, రంగు ఎట్లుంటది అని అడిగింది. "మీవాళ్లనే చూస్తాం అమ్మా" అని కోఆర్డినేటర్ చెప్పిందట. అప్పటి నుంచి నాకు ఆ ఇంజక్షన్ల డబ్బా చూస్తేనే ఒళ్లు మండుతోంది.

డోనర్ ఎగ్‌తో కన్నవాళ్లు ఇక్కడ ఉన్నారా? బిడ్డను చూడగానే మీ బిడ్డ అనిపించిందా? ఇంకో సంగతి, దీనికంటే పెద్దది. నాకు ఇక చాలు అనిపిస్తోంది. ఆ మాట ఇంట్లో ఎలా అనాలో తెలియడం లేదు. సంతకం పెట్టిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఏం రాసుందో కూడా ఎవరూ చదివి వినిపించలేదు.

పెద్దగట్టు_జాతర
ఇంత దూరం వచ్చి ఆగిపోతారా? పెట్టిన డబ్బంతా ఏమైనట్టు? ఇంకొక్కసారి ధైర్యం చేయండి అక్కా. మా బావమరిదికి అందరూ ఆశలు వదులుకున్నాకే అయింది.

జడ్చర్ల_జంక్షన్
ఇంజక్షన్ పొడిచేది అక్కకు, ధైర్యం చెప్పేది అన్న. బాగుంది పంపకం.

గుట్ట_మెట్లు
చెరువుగట్టు అమావాస్యకు ఒక రాత్రి నిద్ర చెయ్యి తల్లీ. మా చిన్న చెల్లె యాదగిరిగుట్టకు కాలినడకన మొక్కుకుంది, ఏడాది తిరగకుండానే తొట్టెల కట్టాం. డాక్టర్లను కాదనను, దేవుణ్ణి కూడా పక్కన పెట్టకు.

లేబర్‌రూమ్_సిస్టర్
నేను మిర్యాలగూడ వైపు ప్రసూతి వార్డులో పనిచేస్తాను. బత్తాయి_తోట గారూ, ముందు ఒకటి చెప్పండి. మీ ఆయనకు వీర్య పరీక్ష ఎప్పుడు చేశారు, ఏమొచ్చింది? అందరూ ఏఎంహెచ్ దగ్గరే ఆగిపోతారు, అందుకే అడుగుతున్నా. గర్భసంచి టీబీ పరీక్ష చేశారా? మన దగ్గర ట్యూబులు మూసుకుపోవడానికి, లోపలి పొర పలచబడడానికి అదొక పెద్ద కారణం. దగ్గు ఉండదు, జ్వరం ఉండదు. ఎవరికీ అనుమానం రాదు.

బత్తాయి_తోట
టీబీ చూశారు, లేదన్నారు. ఆయనకు కౌంట్ తక్కువ. మొదటిసారే తెలిసింది. అందుకే ఇక్సీ చేయాలన్నారు. ఇది మా ఇద్దరికీ డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో, బంధువుల్లో అందరూ లోపం నాదే అనుకుంటున్నారు. నేనూ అట్లాగే ఉండనిచ్చాను.

కోస్గి_కోడలు
ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

జడ్చర్ల_జంక్షన్
జోక్ వేద్దామని వచ్చా. వేయను.

లేబర్‌రూమ్_సిస్టర్
ఇక్సీ అంటే ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం. 1992లో బ్రస్సెల్స్ డాక్టర్లు మొదటి ఫలితాలు ప్రకటించారు. మగవాళ్ల లోపానికి కనిపెట్టిన వైద్యం అది. కానీ అండాలు తీయాలి కదా. కాబట్టి పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజక్షన్లు, మత్తు, అండాశయంలోకి సూది, తర్వాత గర్భం నిలవడానికి ప్రొజెస్టిరాన్ హార్మోను, అన్నీ ఆడమనిషికే. ఆయన ఒక డబ్బాలో శాంపిల్ ఇచ్చి బయట కూర్చుంటాడు. లోపం ఒకరి ఒంట్లో, వైద్యం ఇంకొకరి ఒంట్లో. నా సర్వీసులో ఇలాంటి వైద్యం ఇంకోటి చూడలేదు.

పెద్దగట్టు_జాతర
సిస్టర్ గారూ, మగవాళ్లను తిట్టడానికి కాదు ఈ థ్రెడ్. ఆయన కూడా బాధపడుతూ ఉంటాడు కదా. బయటికి చెప్పుకోలేడు.

లేబర్‌రూమ్_సిస్టర్
బాధపడుతుంటాడు, కాదనలేదు. ఆ బాధను భార్య పేరు మీద రాయించాడు అంటున్నా.

కోస్గి_కోడలు
నాదీ చెప్తాను. మా ఆయన పుణెలో సెంట్రింగ్ పని. దసరాకు వస్తాడు, ఉగాదికి వస్తాడు, వారం ఉంటాడు, పోతాడు. మూడేళ్లయినా కడుపు పండలేదని మా అత్త నన్ను మహబూబ్‌నగర్‌లో క్లినిక్‌కు తీసుకుపోయింది. అక్కడ నా ట్యూబులకు ఎక్స్‌రే తీశారు. ఎంత నొప్పో చెప్పలేను. డాక్టరమ్మ మొత్తం అయ్యాక అడిగింది, మీ ఆయన ఎక్కడ ఉంటాడు అని. పుణె అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి మా అత్త మొహం చూసింది. పిల్లలు కావాలంటే ముందు ఇద్దరూ ఒక ఊళ్లో ఉండాలి కదా! పాలమూరులో ఇలాంటి గొడ్రాళ్లు ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్క తీయరు.

జడ్చర్ల_జంక్షన్
ఐవీఎఫ్ కంటే ముందు పుణె బస్సుకు రిటర్న్ టికెట్ కొనాలి. (ఇది జోకే, కానీ పూర్తిగా జోకు కాదు.)

పాలమూరు_పంతులు
రిటైరైన సైన్సు టీచర్ని. కొంచెం పాత సంగతి చెబుతాను, ఓపిక పట్టండి. మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయిస్ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండులో ఓల్డ్‌హామ్‌లో పుట్టింది. రెండు నెలలు దాటాక, అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో దుర్గ అనే పాప అదే పద్ధతిలో పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేసిన పని. ప్రభుత్వ కమిటీ నమ్మలేదు, అవమానించింది, సంబంధం లేని విభాగానికి బదిలీ చేసింది. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబైలో పుట్టిన హర్షనే చాలాకాలం దేశంలో మొదటి ఐవీఎఫ్ బిడ్డగా చెప్పుకున్నారు. ముఖోపాధ్యాయకు న్యాయం చేసింది ఆ ముంబై బృందంలోని శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్. ఆయన కలకత్తా వెళ్లి ముఖోపాధ్యాయ నోటు పుస్తకాలు చదివి, మొదటివాడు ఆయనే అని ఒప్పుకున్నాడు.

ఇవన్నీ క్లాసులో చెప్పేవాణ్ణి. ఒక్క సంగతి మాత్రం రిటైరయ్యాక చదివాను. లూయిస్ వాళ్లమ్మ లెస్లీకి ఇది ప్రయోగం అని తెలుసు. కానీ అంతకుముందు ఈ పద్ధతిలో ఒక్క బిడ్డ కూడా పుట్టలేదన్న మాట డాక్టర్లు ఆమెకు చెప్పలేదు. సంతకాల కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయని ఈ అమ్మాయి రాస్తే అదే గుర్తొచ్చింది. లెస్లీకి ఇంగ్లీషు వచ్చు, అయినా అంతే.

జడ్చర్ల_జంక్షన్
సార్, మొదటి ఐవీఎఫ్ గాంధారిది కాదా? నూరు కుండలు? 2019 సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వీసీ గారే చెప్పారు.

పాలమూరు_పంతులు
ఆయన చెప్పారు, నేను పేపర్లో చదివి ఆ రోజు టీ తాగలేదు. నూరుగురు పుట్టాక గాంధారి ఏం సుఖపడిందో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

రెండుచుక్కలు
ఈ ఫోరంలో చాలా ఏళ్లుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. కొత్త ఐడీతో రాస్తున్నా, కారణం అర్థమవుతుంది.

నాకు ఇద్దరు ఆడపిల్లలు, కవలలు. డోనర్ ఎగ్. బత్తాయి_తోట, నీ మొదటి ప్రశ్నకు జవాబు: చూడగానే ఏమీ అనిపించలేదు. సిజేరియన్, మత్తు, చలి, వాంతులు. సొంత అండంతో కన్న మా ఆడపడుచు కూడా ఇదే చెప్పింది. మూడో రోజు చిన్నది పాలు పట్టలేక ఏడుస్తుంటే నర్సు డబ్బా పాలు పడతా అని ఎత్తుకుంది. నేను కుట్లు కూడా మర్చిపోయి లేచి లాక్కున్నా. అప్పటి నుంచి ఆ ఆలోచన రాలేదు అంటే అబద్ధం, వస్తుంది. ఎవరైనా "ముక్కు అచ్చం అమ్మదే" అంటే లోపల ఏదో కదులుతుంది. కానీ అది దుఃఖం కాదు.

ఇంకో మాట. పైన అందరూ ఈ వైద్యాన్ని తిడుతున్నారు. నాకు ఈ వైద్యం లేకపోతే ఏమయ్యేదో చెప్పనా? మా అత్తగారు అప్పటికే పిల్లను చూసి పెట్టారు, మా ఆయనకు రెండో పెళ్లికి. నల్గొండ జిల్లాలో ఇది కొత్త కాదు, మీకు తెలుసు. ఆ సూదులే నన్ను నా ఇంట్లో నిలబెట్టాయి. కాబట్టి దయచేసి భయపెట్టకండి.

పిల్లల్లేని_పిన్ని
రెండుచుక్కలు అమ్మా, నీ పిల్లలు చల్లగా ఉండాలి. అయితే ఒకటి అడుగుతా. నిన్ను ఇంట్లో నిలబెట్టింది సూదులా, పిల్లలా, లేక రెండో పెళ్లి చేస్తామన్న భయమా? భయం పెట్టినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. నువ్వే సూదులు పొడిపించుకున్నావు.

నాకు యాభై దాటింది. సూర్యాపేటలో ప్రభుత్వ ఉద్యోగం. మా కాలంలో ఐవీఎఫ్ అంటే సినిమా వాళ్లకు. రెండు మూడేళ్లు మందులు వాడాం, కాలేదు, ఊరుకున్నాం. ఏడ్చాను, తర్వాత ఏడుపు ఆగింది. ఆగనిచ్చారు. ఇప్పుడు మా చెల్లెలి కోడలిని చూస్తున్నా. ఆమెను ఏడవనివ్వరు, ఆగనివ్వరు. ఒకటి పోగానే "ఇంకో పద్ధతి ఉందట". అది పోగానే డోనర్, ఆ తర్వాత సరోగసీ, అంటే ఇంకొకామె కడుపులో మోయించడం. పిల్లలు లేరు అని ఒప్పుకునే రోజే రాదు. మా తరానికి వచ్చిన ఆ రోజు ఈ పిల్లలకు లేదు.

రెండుచుక్కలు
మీకు ఉద్యోగం ఉంది పిన్నీ. జీతం మీ పేరు మీద వస్తుంది. ఊరుకోవడం మీకు వీలైంది.

పిల్లల్లేని_పిన్ని
అది నిజం.

పెద్దగట్టు_జాతర
నేను మొదట అన్నది తప్పుగా తీసుకోకండి. కానీ ఒక ఉదాహరణ చెబుతా. విత్తనం హైబ్రిడ్ కంపెనీది అయినా పంట ఎవరిది? పొలం ఎవరిదో వాళ్లదే. డోనర్ ఎగ్ కూడా అంతే. ఎందుకింత ఆలోచన?

కోస్గి_కోడలు
అన్నా, పొలాన్ని ఎవరూ అడగరు విత్తాలా వద్దా అని. నేను పొలం కాదు, ఆ అక్క కూడా కాదు.

జడ్చర్ల_జంక్షన్
పైగా మన దగ్గర హైబ్రిడ్ పత్తి విత్తనం నకిలీది అని తేలితే కంపెనీ మీద కేసు. ఐవీఎఫ్ మొలకెత్తకపోతే పొలానిదే తప్పు.

లేబర్‌రూమ్_సిస్టర్
పొలం పోలిక సైన్సుగా చూసినా తప్పే. బిడ్డకు జన్యువులు అండం నుంచి, వీర్యం నుంచి వస్తాయి, ఇది నిజం. తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు, మాయ గుండా ఆహారం, ఆక్సిజన్ అందుతాయి. కానీ బిడ్డ కణాలు కొన్ని తల్లి ఒంట్లోకి చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. డోనర్ అండంతో వచ్చిన గర్భమైనా అంతే. రెండుచుక్కలు గారూ, మీ పిల్లల కణాలు మీలో ఇంకా ఉండే ఉంటాయి. ముక్కు సంగతి వదిలేయండి.

రెండుచుక్కలు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు సిస్టర్.

నల్లమల_పిల్ల
అందరూ డోనర్ డోనర్ అంటున్నారు కదా. నేను డోనర్ని.

అచ్చంపేట అవతల తండా మాది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఇంటిపనికి ఉన్నప్పుడు ఒక ఆమె తీసుకుపోయింది. అప్పటికి చట్టం రాలేదు. రోజూ పొద్దున బొడ్డు పక్కన ఇంజక్షన్. పొట్ట ఉబ్బేది, చీర కుచ్చిళ్లు నిలబడేవి కావు. ఒకసారి ఊపిరి ఆడలేదు, రెండు రోజులు సెలైన్ పెట్టారు. ఆ రెండు రోజుల పని పోయింది, ఆ డబ్బు ఎవరూ ఇవ్వలేదు. మళ్లీ పోయాను. బోరు ఎండిపోయి అప్పు మిగిలింది మాకు. ఆ అప్పులో సగం అట్లా తీరింది. నేను సిగ్గుపడను.

నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు, వాళ్లకు నేను అమ్మను. అక్కడ ఇచ్చినవాటికి నేను అమ్మను అనుకోలేదు, ఎప్పుడూ అనుకోను. ఒకటి మాత్రం అడగాలని ఉంది. పైన ఒక అత్తమ్మ ఏ కులం పిల్ల అని అడిగిందన్నారు, "మీవాళ్లే" అని చెప్పారట. నన్ను అడిగినప్పుడు ఏ కులం అని చెప్పుకున్నారో. లంబాడోళ్ల పిల్ల అని అయితే చెప్పి ఉండరు.

బత్తాయి_తోట
ఏం రాయాలో తెలియడం లేదు చెల్లే. మా అత్తమ్మ మాట ఇక్కడ రాసినప్పుడు నువ్వు చదువుతావని అనుకోలేదు.

నల్లమల_పిల్ల
రాసినందుకే కదా నేనూ రాసింది.

నోటరీ_మేడం
మహబూబ్‌నగర్ కోర్టులో ప్రాక్టీస్. చట్టం సంగతి నేను చెబుతా, చాలామందికి తెలియక మోసపోతున్నారు.

ఐవీఎఫ్ లాంటి వైద్యాల మీద ఒక చట్టం, సరోగసీ మీద ఇంకో చట్టం 2021లో వచ్చాయి, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్నాయి. నల్లమల_పిల్ల చెప్పిన పద్ధతి ఇప్పుడు నేరం. అండం ఇచ్చే స్త్రీ వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాల కంటే ఎక్కువ తీయకూడదు, ఆమెకు ఏడాది బీమా చేయించాలి. అండాలను, వీర్యాన్ని, పిండాలను అమ్మడం కొనడం నిషేధం. వైద్యం తీసుకునే స్త్రీకి 21 నుంచి 50, మగవాళ్లకు 21 నుంచి 55. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఒకావిడకు కవలలు పుట్టారు కదా, ఇప్పుడు అది కుదరదు.

బత్తాయి_తోట గారికి అసలైన సంగతి. డోనర్ అండంతో పుట్టిన బిడ్డ చట్టం ప్రకారం ఆ దంపతుల సొంత బిడ్డే. ఆస్తి హక్కుతో సహా. డోనర్‌కు హక్కు లేదు, బాధ్యత లేదు. రెండోది, సంతకం పెట్టారు కాబట్టి ఇక వెనక్కి పోలేను అనుకోకండి. పిండాన్ని గర్భసంచిలో పెట్టే క్షణం వరకు సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. భర్త అయినా, భార్య అయినా. కారణం చెప్పనక్కర లేదు. ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చినా చాలు, అక్నాలెడ్జిమెంట్ తీసుకోండి.

పెద్దగట్టు_జాతర
అంటే భార్య ఒక్కతే వద్దనవచ్చా? భర్త ఒప్పుకోకపోయినా?

నోటరీ_మేడం
అనవచ్చు. మీ గర్భసంచిలో పెట్టడం లేదు కదా.

జడ్చర్ల_జంక్షన్
కోర్టు వారు ఫుల్ ఫామ్‌లో ఉన్నారు.

మోడరేటర్
థ్రెడ్ పొడుగవుతోంది, పర్వాలేదు. క్లినిక్‌ల పేర్లు, డాక్టర్ల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. ఎవరికైనా ఫిర్యాదు ఉంటే జిల్లా అధికారులకు ఇవ్వండి, ఇక్కడ పేరు పెట్టి తిట్టొద్దు.

కృష్ణ_ఒడ్డు
నేను నాగర్‌కర్నూల్ వైపు. మా అక్క కథ ఇది, ఐవీఎఫ్‌కు ఇంకో తలుపు నుంచి వచ్చింది. ఇద్దరు పిల్లలు పుట్టాక ఇరవై రెండేళ్లకే ఆపరేషన్ చేయించారు. ఏఎన్ఎం వచ్చి, అత్త ఒప్పుకుని, బావ బండి మీద దించి వచ్చాడు. అక్క ఏమందో నాకు గుర్తులేదు, ఎవరూ అడిగినట్టు కూడా లేదు. తర్వాత కొడుకు నీటిగుంటలో పడి పోయాడు. కూతురు ఉంది. కానీ ఏడాది తిరగకముందే "కొడుకు కావాలి, ట్యూబులు కలిపించుకో" అని మొదలుపెట్టారు. కలిపారు, నిలవలేదు. ఇప్పుడు ఐవీఎఫ్ అంటున్నారు. అప్పుడు మూయమన్నారు, ఇప్పుడు తెరవమంటున్నారు. అక్క ఇంకా కొడుకు ఫోటో ముందు దీపం పెడుతూనే ఉంది. వాడి కోసం ఏడవడానికి టైం లేదు, స్కానింగ్‌కు టైం అయిందంటారు.

గుట్ట_మెట్లు
అయ్యో తల్లీ. నేను కూడా అట్లాంటి ఇంట్లో "ఇంకో కొడుకును కను" అన్న దాన్నే. ఓదార్పు అనుకునే చెప్పాను.

పిల్లల్లేని_పిన్ని
మీరు ఒక్కరే కాదు, మనమందరం అంటాం.

మునుగోడు_మాధ్యమం
అందరూ ఐవీఎఫ్, సరోగసీ అంటున్నారు, దత్తత మాట ఒక్కరూ ఎత్తలేదు. దేవరకొండ తండాల్లో ఆడశిశువుల్ని అమ్మేశారని, శిశుగృహాల్లో వదిలేశారని పేపర్లలో చదివిన జిల్లా మనది. ఒక పక్క బిడ్డను వదిలేస్తారు, ఇంకో పక్క బిడ్డ కోసం పొలం అమ్ముతారు. నాకు ఇది ఎప్పటికీ అర్థం కాదు.

రెండుచుక్కలు
దత్తత తీసుకోండి అని చెప్పేవాళ్లలో దత్తత తీసుకున్నవాళ్లు ఎంతమంది? పిల్లలు ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పరు దత్తత తీసుకోమని.

మునుగోడు_మాధ్యమం
నాకు పెళ్లే కాలేదు.

జడ్చర్ల_జంక్షన్
అయితే మీ సలహా నోట్ చేసుకున్నాం సార్.

నోటరీ_మేడం
దత్తత అంత తేలిక కూడా కాదు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ 'కారా' పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, చిన్న బిడ్డ కావాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. రెండేళ్ల లోపు బిడ్డకు దంపతులిద్దరి వయసులు కలిపి 85 దాటకూడదు. ఐవీఎఫ్‌లన్నీ అయిపోయాక చూద్దాం అనుకునేవాళ్లు ఆ వయసు దాటేస్తారు. ఆసుపత్రిలో ఆయా ద్వారా తెచ్చుకుంటాం అంటే మాత్రం జైలుకు దారి. 2025 జులైలో సికింద్రాబాద్ ఫర్టిలిటీ సెంటర్ కేసు చూశారు కదా. సరోగసీ బిడ్డ అని లక్షలు తీసుకుని ఇచ్చారు, డీఎన్‌ఏ చేయిస్తే ఆ దంపతులకు సంబంధమే లేదు. ఆ బిడ్డ ఇంకెవరో పేదవాళ్ల బిడ్డ.

ఆలేరు_ఆడపడుచు
సరోగసీ మాట వచ్చింది కాబట్టి. మా వదినకు గర్భసంచి తీసేశారు. ఇప్పుడు నన్ను మోయమంటున్నారు. "డబ్బు తీసుకుంటే నేరం, ప్రేమతో చేస్తే చట్టమే ఒప్పుకుంటది, నీ అన్న కోసం ఆ మాత్రం చెయ్యలేవా" అంటోంది మా అమ్మ. నాకు ఇద్దరు పిల్లలు, వయసు 31. అన్నీ సరిపోయాయి, నా ఇష్టం తప్ప. నేను ఇంకా జవాబు చెప్పలేదు.

నోటరీ_మేడం
మీరు ఒప్పుకుంటేనే. మీ సమ్మతి కూడా పిండం పెట్టే ముందు వరకు వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు తీసుకుంటే దోపిడీ, ఊరికే చేస్తే ప్రేమ అని చట్టం అనుకుంది. అన్నదమ్ముల ఇళ్లలో ప్రేమ ఎట్లా అడుగుతారో చట్టం రాసినవాళ్లు చూసి ఉండరు. చట్టాన్ని సమర్థించాల్సిన వృత్తి నాది, అయినా ఇది చెప్పక తప్పదు.

పాలమూరు_పంతులు
ఖర్చు గురించి ఎవరూ రాయలేదు. ఒక్కో సైకిల్‌కు, అంటే ఐవీఎఫ్ ఒక్కసారి చేయించుకోవడానికి, లక్షన్నర, రెండు లక్షలు, ఆ పైన కూడా. మన జిల్లాల్లో దానికి భూమి అమ్ముకునేవాళ్లు ఉన్నారు. అందరి వయసులూ కలిపి చూస్తే సైకిల్‌కు మూడింట ఒకటి కూడా ఫలించదు, నలభై దాటితే సొంత అండాలతో ఇంకా ఎంతో తక్కువ. ఇది బోర్డు మీద రాయరు, బోర్డు మీద బొద్దుగా నవ్వే పాప ఫోటో ఉంటుంది, అదీ తెల్ల పాప. గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వం 2023లో ఐవీఎఫ్ కేంద్రం మొదలుపెట్టింది. భూమి అమ్మే ముందు అక్కడ ఒకసారి అడగండి.

బత్తాయి_తోట
రెండు వారాల తర్వాత వచ్చా. అందరివీ చదివాను, కొన్ని మా ఆయనకు వినిపించాను. కోస్గి_కోడలు పోస్టు విని నవ్వారు, సిస్టర్ పోస్టు విని లేచి బయటికి వెళ్లారు.

నోటరీ మేడం చెప్పినట్టు తెలుగులోనే రాసిచ్చాను, ఈసారి వద్దు అని. కోఆర్డినేటర్ "డోనర్ రెడీగా ఉంది మేడం, సైకిల్ వేస్ట్ అవుతుంది" అంది. ఆ డోనర్ ఎవరో నాకు తెలియదు, కానీ ఆమెకు ఇంజక్షన్లు అప్పటికే మొదలుపెట్టారా అని అడిగాను. ఇంకా లేదు అంది. అది విన్నాకే రసీదు తీసుకున్నా.

అత్తమ్మ హుజూర్‌నగర్‌లో కూతురింటికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు ఆమెకు మా ఆయన కౌంట్ సంగతి చెప్పలేదు. ఆయన చెప్పలేదు, నేను ఆయన్ను చెప్పమనలేదు. చెప్పమనాలా అని ఇంకా ఆలోచిస్తున్నా. డోనర్ ఎగ్ ఎప్పటికీ వద్దని కూడా నేను అనలేదు. రెండుచుక్కలు పిల్లల ముచ్చట చదివినప్పుడు ఆశ పుట్టింది, దాచను. ఇప్పుడు వద్దు అన్నాను, అంతే. ఈ నెల ఒంట్లో ఏ మందూ లేదు. ఆకలి వేస్తోంది.

రెండుచుక్కలు
నా నంబర్ నీ ఇన్‌బాక్స్‌లో పెట్టాను. వద్దనుకున్నా ఫోన్ చెయ్యి, కావాలనుకున్నా చెయ్యి.

పెద్దగట్టు_జాతర
ఆయన బయటికి వెళ్లారన్నారు కదా. తిరిగొచ్చాక ఏమన్నారు?

బత్తాయి_తోట
పాలు తెచ్చారు. టీ పెట్టమన్నారు. నేను పెట్టలేదు, ఆయనే పెట్టారు.

జడ్చర్ల_జంక్షన్
మన జిల్లాకు ఇది పెద్ద వార్తే.

ఆలేరు_ఆడపడుచు
నేనూ మా అమ్మకు వద్దని చెప్పాను. వదిన ఫోన్ ఎత్తడం లేదు. ఆమె మీద నాకు కోపం లేదు, కానీ ఆమె నమ్మదు.

కోస్గి_కోడలు
సిస్టర్, మా ఆయన వచ్చాడు. గొడవ పడి పరీక్ష చేయించాను. రిపోర్టులో కదలిక తక్కువ అని రాశారు. ఫోటో పంపనా?

లేబర్‌రూమ్_సిస్టర్
ఇక్కడ పెట్టకు, ఇన్‌బాక్స్‌కు పంపు. శాంపిల్ ఇచ్చే ముందు ఎన్ని రోజులు దూరంగా ఉన్నారో కూడా రాయి, రెండు నుంచి ఏడు రోజుల మధ్య ఉండాలి. ఈ మధ్య జ్వరం వచ్చిందా, గుట్కా, సిగరెట్ ఉన్నాయా అడుగు. వీర్యకణాలు తయారవడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది, అందుకే ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చరు. మూడు నెలలు ఆగి మళ్లీ చేయించండి. ఆ మూడు నెలలూ ఆయన్ను ఇక్కడే ఉంచగలవా?

కోస్గి_కోడలు
మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. లేకపోతే నేనే పుణె పోతా.